పదిహేనో వస్తువు

"విప్పావా?"

నిన్న మధ్యాహ్నం నుంచి ప్రమీలమ్మ అడుగుతున్నది ఆ ఒక్క మాటే. అటక మీద గోనెసంచిలో ఉండాల్సిన ఇత్తడి పంపు అక్కడ లేదని ఆమెకు తెలిసింది అప్పుడే. అప్పటినుంచి మెతుకు ముట్టలేదు. నిచ్చెన మొదట్లో గోడకు ఆనుకుని కూర్చుంది.

"విప్పలేదమ్మా. ఎన్నిసార్లు చెప్పాలి?" అన్నాడు వెంకటకృష్ణ. "తుడవను కూడా తుడవలా. ఎట్టా ఉన్నది అట్టానే ఉంది."

"అయితే ఎట్టా ఉన్నది అట్టానే పైన పెట్టు."

అతను పెట్టలేదు. పంపు నులకమంచం మీద ఉంది. పక్కనే మిగతా వస్తువులు వరసగా ఉన్నాయి. ఫైబరు శిరస్త్రాణం, భుజాల రేకులు, తోలు చేతొడుగులు, ఎడమ మోకాలి కింద మాత్రమే బిగించే ఇనప పట్టా, బూట్లు. అన్నీ కలిపి పద్నాలుగు. పంపుతో పదిహేను.

ఆ పదిహేనూ వేసుకుంటే 'పొగరాజ్యం' సినిమాలో సేనాని అవుతాడు. ముప్ఫై అయిదేళ్ళ కిందటి బొమ్మ. దానికి ఇప్పుడొక సంఘం ఉంది. సేనాని వేషం కట్టేవాళ్ళ సంఘం. తెర మీద ఎట్టా ఉందో ఒంటి మీద అట్టానే ఉండాలి, గుండీ తేడా వచ్చినా ఒప్పుకోరు. రెండేళ్ళుగా వెంకటకృష్ణ ఒక్కో వస్తువూ కొని ఫొటో పంపుతున్నాడు. వాళ్ళు కొన్నిటిని ఒప్పుకున్నారు, కొన్నిటిని తిప్పికొట్టారు. బూట్లు మూడుసార్లు మార్చాడు. మడమ అర అంగుళం ఎత్తు ఎక్కువన్నారు.

సేనాని వీపున ఇత్తడి ట్యాంకు ఉంటుంది. చేతిలో గొట్టం. పిడి కొట్టగానే గొట్టంలోంచి పొగ వస్తుంది. ఆ ట్యాంకు నిజానికి పొలంలో మందు కొట్టే పంపు. సినిమావాళ్ళు అదే తెచ్చి తగిలించారు.

ఆ మాట ముందు కనిపెట్టింది లక్ష్మీనారాయణ, వెంకటకృష్ణ తండ్రి. సత్తెనపల్లిలో హాల్లో ఆ బొమ్మ మళ్ళీ ఆడితే ఏడేళ్ళ కొడుకుని తీసుకుపోయాడు. సేనాని తెర మీదికి రాగానే కుర్చీలోంచి లేచాడు. "ఒరేయ్ కిట్టిగా, అది మన పంపేరా! మెడకాడ రెండు గీతలు చూడు!" అని అరిచాడు. వెనకవాళ్ళు కూర్చోమని తిట్టారు. ఆయన కూర్చోలేదు.

ఆయన పోయి రెండేళ్ళయింది. పత్తి చేలో మందు కొడుతుంటే గాలి మళ్ళి మందు సోకిందని ఊరు ఊరంతా చెప్పుకుంది. వీపున పంపు ఉండగానే గట్టు మీద పడిపోయాడు.

"కొనుక్కో," అంది ప్రమీలమ్మ. "పద్నాలుగు కొన్నావు గదా. ఇది కూడా కొనుక్కో. ఎక్కడైనా కొనుక్కో."

"ఎక్కడ కొనమంటావు? నరసరావుపేటలో పాతసామాన్ల కొట్లన్నీ తిరిగా. ఇత్తడి పంపులా, అవి కరిగి గుళ్ళో గంటలై ఇరవయ్యేళ్ళయిందయ్యా అని నవ్వారు. అచ్చంపేటలో ఒకటి దొరికింది. మెడకాడ మూడు గీతలున్నాయి. పనికిరాదన్నారు. ఇనప ట్యాంకుకి రంగేసి పంపితే రెండుసార్లు వెనక్కి కొట్టారు."

"ఒక గీత ఎక్కువైతే ఏంది? ఎవడు లెక్కపెడతాడు?"

"వాళ్ళు లెక్కపెడతారమ్మా. వాళ్ళ పనే అది."

"పనీపాటా లేనోళ్ళు. ముప్ఫై రెండేళ్ళొచ్చినయ్ నీకు. పెళ్ళాం ఉంది. పగటేషగాడిలా అద్దం ముందల నిలబడతావు. మీ నాయన చూస్తే..."



"చూస్తే ఏంది?" అన్నాడు. "చూస్తే సంతోషపడతాడు. మన పంపేరా అని లేచి నిలబడతాడు. ఆయన పంపుతో నేను ఆ స్టేజీ ఎక్కితే నీకేంది బాధ? ఆదివారం బెజవాడలో ఆఖరి పరీక్ష. ఇది తప్పితే మళ్ళీ చేర్చుకోరు."

ప్రమీలమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది.

కోడలు రేవతి వంటింట్లోంచి కంచంలో అన్నం పెట్టుకుని వచ్చింది. అత్త ముందు పెట్టింది. "రెండు ముద్దలు తినండత్తయ్యా. గోంగూర పచ్చడి నూరాను."

"తీసుకుపో."

"మీరు ఇట్టా కూర్చుంటే ఆయన మానతాడా? మీ కొడుకే గదా."

"నా కొడుకు కాదు. ఆ సేనాని కొడుకు," అంది ప్రమీలమ్మ.

రేవతికి నవ్వొచ్చింది. ఆపుకుంది. పంపు వైపు చూసి, "చింతపండు పెట్టి తోమితే బంగారంలా ఉండేది. చిలుం పట్టి ఎట్టా ఉందో," అంది.

"ముట్టుకున్నావంటే!" అన్నాడు వెంకటకృష్ణ. "తెర మీద చిలుముంది. చిలుం ఉండాల్సిందే."

అతను పంపుని దుప్పట్లో చుట్టాడు. బండి తాళం తీసుకున్నాడు.

"ఎక్కడికి?" ప్రమీలమ్మ నిచ్చెన పట్టుకుని లేచింది.

"సత్తెనపల్లి. ఫరీద్ మామ దగ్గరికి. పంపు కొడితే పొగ రావాలి, వీడియో తీసి ఇయ్యాల పంపాలి. నిన్న కొట్టి చూశా. ఏమీ రావటంలా."

"రాదు," అంది ఆమె.

"ఏందీ?"

"పాతబడింది. రాదు. ఆడ ఎందుకురా విప్పించటం? కిట్టయ్యా, నా మాట విను. ఫరీద్ దగ్గరికి మాత్రం పోబాక."

ఆమె అతని చొక్కా పట్టుకుంది. అతను ఒక్కో వేలూ విడదీశాడు. గట్టిగా విడదీయాల్సి వచ్చింది.

బండి చప్పుడు సందు మలుపు తిరిగేదాకా ఆమె గుమ్మంలో నిలబడింది. తర్వాత లోపలికి వచ్చి మళ్ళీ నిచ్చెన మొదట్లో కూర్చుంది. అన్నం కంచం మీద రేవతి మూత పెట్టింది.

* * *

ఫరీద్ కొట్టు సత్తెనపల్లిలో బస్టాండు వెనక. బల్ల మీద బ్యాటరీ పంపులు, తైవాన్ పంపులు విప్పి పడేసి ఉన్నాయి. దుప్పటి తీయగానే ఫరీద్ కళ్ళజోడు నుదుటి మీంచి కిందికి లాక్కున్నాడు.

"యా అల్లా. లక్ష్మీనారాయణ పంపు గదా."

"గుర్తుపట్టావా మామా?"

"నా చేతిలో పెరిగిన బిడ్డ ఇది. అడుగున ఈ మాటు ఎవడు వేశాడనుకున్నావు? ఏం అల్లుడూ, మళ్ళీ సేద్యంలోకి దిగావా?"

"కాదు మామా. వేషానికి."

సంగతి విని ఫరీద్ నవ్వాడు. "మందు కొట్టే పంపుతో సేనాని అయ్యాడా! అయితే ఈ పల్నాడు నిండా సేనానులే గదయ్యా. సరే, పొగ రావాలి. అంతేనా? సన్న నాజిల్ వేసి నీళ్ళు కొడితే పొగమంచులా వస్తది. దూరం నుంచి పొగే."

"తెర మీద కూడా అదే. నీళ్ళే."

"అయితే నీ సంఘమోళ్ళకంటే నేనే తెలివిగలోణ్ణి."

పైన మర మూత విప్పాడు. కడ్డీని పైకి లాగాడు. కడ్డీ చివర చూశాడు. వేలు పెట్టి తడిమాడు. కడ్డీని వెలుతురులోకి తిప్పి మళ్ళీ చూశాడు.

నవ్వు పోయింది.

"ఏంది మామా? అరిగిపోయిందా?"

 ఫరీద్ కడ్డీ ఆడే గొట్టం లోపలికి టార్చి వేసి చాలాసేపు చూశాడు. తర్వాత లేచి గూట్లోంచి పాత జర్దా డబ్బా తీశాడు. మూత తీస్తే ఆముదం వాసన. అందులో గుండ్రటి తోలు వాషర్ ఒకటి నూనెలో మునిగి ఉంది. గుడ్డతో అద్ది, కడ్డీ చివర బిగించాడు. ఎక్కడా కొలత చూడలేదు. సరిగ్గా కూర్చుంది.

"నీళ్ళు పట్టుకురా," అన్నాడు.

నీళ్ళు పోశారు. పది దెబ్బలు కొట్టాడు. పిడి నొక్కగానే గొట్టంలోంచి బుస్సుమని తెల్లటి తుంపర లేచింది. బస్టాండు గోడ మీద ఎండలో పొగలా పాకింది.

వెంకటకృష్ణ ఫోన్‌లో వీడియో తీశాడు.  రెండేళ్ళ నుంచి ఎదురు చూసిన బుస. అక్కడికక్కడే సంఘానికి పంపాడు.

"ఎంత ఇయ్యాలి మామా?"

"ఏం వద్దు. ఆ వాషర్ మీ నాన్నదే."

"నాన్నదా?"

"కూర్చో," అన్నాడు ఫరీద్. తాను మాత్రం నిలబడే ఉన్నాడు. "ఒక మాట అడుగుతా. చెప్పాలనుంటే చెప్పు. మీ నాన్న పోయిన రోజు ఏ పంపుతో మందు కొట్టాడు?"

"దీంతోనే. ఇంట్లో ఇదొక్కటే గదా. బ్యాటరీది కొనమంటే వినలేదు."

"వేరే ఎవరిదన్నా తెచ్చుకున్నాడేమో."

"ఇదే మామా. ఇది వీపున ఉండగానే పడిపోయాడు. ఊరంతా చూసింది. ఎందుకు?"

ఫరీద్ గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. తుడిచిందే తుడిచాడు.

"పోవటానికి రెండు రోజుల ముందు ఈ పంపు తెచ్చాడు. వాషర్ చిరిగిపోయింది. నేనే పీకి పారేశా. కొత్తది కోశా. తోలు ఆముదంలో రెండు రోజులు నానాలి, నానకపోతే గాలి పట్టదు, ఆగు అన్నా. ఆగలా. బిగించుకోటం నాకు తెలుసులే, వాషర్ మావాడు వచ్చి తీసుకుపోతాడు అని పంపు పట్టుకుపోయాడు."

వెంకటకృష్ణ తల దించుకున్నాడు. తండ్రి పోయే ముందురోజు ఫోన్ చేశాడు. వచ్చేటప్పుడు ఫరీద్ దగ్గర వాషర్ పట్టుకురారా అన్నాడు. అతను హైదరాబాదులో ఉన్నాడు. ఆ సంఘం మొదటి సమావేశం. చుట్టూ చప్పట్లు. తెస్తా నాన్నా, రేపు పొద్దున్నే తెస్తా అని పెట్టేశాడు. తర్వాత మర్చిపోయాడు.

"నేను రాలేదు మామా. పక్క చేలో వాళ్ళ దగ్గర పాత వాషర్ తెచ్చి వేసుకున్నాడంట. అమ్మ చెప్పింది."

"అమ్మ చెప్పిందా?"

"ఆ."

"అల్లుడూ, దీని లోపల ఏ వాషరూ లేదు."

"తీసేసి ఉంటారు."

"ఎవరు తీస్తారు? శవం మీది పంపు విప్పి వాషర్ తీసుకునేవాడు ఎవడు? అది కూడా వదిలెయ్. ఆ రోజు పాత వాషర్ పీకి లోపల పొడిగుడ్డతో నేను తుడిచా. ఆ గుడ్డ పీచు గొట్టంలో అట్టానే అంటుకుని ఉంది. ఇప్పుడు చూశా. వాషర్ వేసి ఒక్కసారి కడ్డీ ఆడించినా అది ఉండదు." ఫరీద్ గొంతు తగ్గించాడు. "వాషర్ లేకపోతే గాలి పట్టదు. చుక్క బయటికి రాదు. ఈ పంపుతో ఆ రోజు ఎవరూ మందు కొట్టలేదయ్యా."

బస్టాండులో గుంటూరు బస్సు హారన్ కొట్టింది. ఎవరో పరిగెత్తారు.

"మరి మందు..." అని ఆగిపోయాడు వెంకటకృష్ణ.

ఫరీద్ ఖాళీ జర్దా డబ్బాకి మూత పెట్టాడు. "నువ్వొస్తావని రెండేళ్ళు నూనె మారుస్తా ఉన్నా. ఎండితే పగిలిపోతది గదా," అన్నాడు.

* * *

అతను ఇంటికి వచ్చేసరికి అమ్మ అదే చోట ఉంది. కంచం మీద మూత అలాగే ఉంది.

వెంకటకృష్ణ పంపుని ఆమె ముందు నేల మీద పెట్టాడు. కడ్డీ పైకి లాగి కిందికి నొక్కాడు. లోపల గాలి కీచుమంది.

ప్రమీలమ్మ ఆ చప్పుడు విన్నది. కళ్ళు మూసుకుంది.

"విప్పావు," అంది.

"విప్పాను."

రేవతి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఏమైందండీ?"

"అమ్మని అడుగు. ఎవరి దగ్గర తెచ్చాడమ్మా పాత వాషర్? పేరు చెప్పు. పోయి అడిగొస్తా."

ఆమె అన్నం కంచాన్ని పక్కకి జరిపింది.

"నాన్న మందు కొట్టలేదు. తాగాడు. అంతేనా?"

"గట్టిగా అరవబాక. పక్కనోళ్ళు వింటారు."

"రెండేళ్ళ నుంచి వాళ్ళు విన్నదంతా అబద్ధమే గదా! నేను విన్నదీ అంతే."

"అవును," అంది ప్రమీలమ్మ. "అబద్ధమే."

 పెరట్లో కోడి ఒకటి గడప దాకా వచ్చి, తొంగి చూసి, వెనక్కి పోయింది.

"మధ్యాహ్నం కూడు పట్టుకుపోయా," అంది ఆమె. కొడుకు వైపు చూడకుండా పంపుతో చెబుతున్నట్టు చెప్పింది. "గట్టు మీద పడుకునున్నాడు. నిద్రపోతన్నాడనుకున్నా. మందు డబ్బా పక్కనే ఉంది. పంపు అంత దూరాన తుమ్మ చెట్టుకి ఆనించి ఉంది. ఒళ్ళు ఇంకా వెచ్చగానే ఉంది. పిలిచా. పలకలా."

"అప్పుడు?"

"అప్పుడు పంపు తెచ్చా. మిగిలిన మందు అందులో పోశా. ఆయన్ని పక్కకి తిప్పి వీపున పెట్టా. పట్టీలు నేనే బిగించా. ఆ బక్కిల్ ఎప్పుడూ రాదు గదా, పంటితో లాగి బిగించా. ఆ తర్వాతే అరిచా."

రేవతి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎందుకమ్మా?" అన్నాడు వెంకటకృష్ణ.

"పొద్దున్నుంచి పొలంలో ఆయన ఒకటే మాట. కిట్టిగాడు వాషర్ తెస్తానన్నాడు, సందేళకి కొట్టేస్తే చేను నిలబడతది అని. రెండు మందులు కొట్టినా పురుగు పోలా. మూడోది కొడితే పోతదని ఆశ. నేను కూడు తేవటానికి ఇంటికొచ్చా. ఆ గంటలో ఏం అనుకున్నాడో నాకేం తెలుసు?" ఆమె గొంతులో ఏడుపు లేదు. "నువ్వు హైదరాబాదు నుంచి రావాలి. వచ్చి అడుగుతావు. వాషర్ తేలేదని నాన్న చచ్చిపోయాడా అని అడుగుతావు. నేనేం చెప్పాలి?"

"లేదని చెప్పాలి."

"చెబితే నమ్మేవాడివా?"

అతను కడ్డీ మీంచి చెయ్యి తీశాడు.

"ఇప్పుడు చెబుతా. వాషర్ కోసం ఎవరూ చావరు. చేను పోయింది, అంతకు ముందేడు పోయింది. నమ్ముతావా?"

 అతను మంచం మీది శిరస్త్రాణం వైపు చూశాడు. ఆ రోజు సమావేశంలో అతను మొదటిసారి పెట్టుకున్నది అదే. నాన్న ఫోన్ చేసినప్పుడు అది తల మీదే ఉంది. సరిగ్గా వినపడక పైకెత్తి, మళ్ళీ చెప్పు నాన్నా అన్నాడు.

"మరి ఈ పంపు ఎందుకుంచారత్తయ్యా?" అంది రేవతి. "ఎవరికన్నా అమ్మేస్తే పోయేది గదా."

"కొన్నోడు విప్పుతాడే. బావిలో వేద్దామని రెండుసార్లు తీసుకుపోయా. ఆ తోలు పట్టీకి ఆయన భుజం చెమట మరక ఉంది. చేతులు రాలా."

మంచం మీద ఫోన్ మోగింది. సంఘం నుంచి మాట రికార్డు చేసి పంపారు. ఏం చేయాలో తెలియక రేవతి దాన్ని నొక్కింది. హైదరాబాదులో ఉండే సంజన గొంతు. వస్తువులు పరీక్ష చేసేది ఆమె.

"వెంకటకృష్ణ గారూ, కంగ్రాట్స్ అండీ! వీడియో అందరం చూశాం. మెడ మీద రెండు గీతలు, ఆ చిలుం, ఆ పొగ, అచ్చం తెర మీద ఉన్నట్టే ఉంది. ఇంత ఒరిజినల్ ట్యాంకు మన సంఘంలో ఎవరికీ లేదు. పదిహేనో వస్తువు పాస్! ఆదివారం తొమ్మిదికి వచ్చేయండి. ఒక్కటే రూలు. ట్యాంకు పట్టీలు ఎవరికి వాళ్ళు బిగించుకుంటే వంకర వస్తుంది. అలవాటున్న వాళ్ళని ఒకర్ని తోడు తెచ్చుకోవాలి. వాళ్ళ పేరు ఈ రోజే పంపండి, పాస్ రాస్తాను."

గొంతు ఆగిపోయింది. రేవతి ఫోన్ బోర్లా పెట్టింది.

"నేను పోను," అన్నాడు వెంకటకృష్ణ. "ఇంక దేనికీ పోను."

ప్రమీలమ్మ చెయ్యి చాపి పంపుని దగ్గరికి లాక్కుంది. పట్టీ మీది మరకని బొటనవేలితో రుద్దింది. బక్కిల్ తిప్పి చూసింది. దాని అంచున తన పంటి నొక్కు ఇంకా ఉంది.

"పోకపోతే ఊరు ఎందుకని అడుగుద్ది," అంది. "రెండేళ్ళు ఊళ్ళో వేషం వేసి చెప్పుకొచ్చా. పో, తీసుకుపో. ఆయన మన పంపేరా అని అరిచిన పంపు ఇదే."

"అమ్మా, ఆపు."

"ఆ పాసు కాయితం మీద నా పేరు రాయించు," అంది ప్రమీలమ్మ. "దీని పట్టీలు బిగించటం నాకు తప్ప ఎవరికీ తెలియదు."

రేవతి భర్త వైపు చూసింది. అతను ఫోన్ అందుకోలేదు. వద్దని కూడా అనలేదు.